వీసా బులెటిన్ పంచాంగం కాదు మహాప్రభో!

ప్రతి నెలా రెండో వారం వచ్చేసరికి మా ఆఫీసులో దేశీ జనాభాకి ఒక రకమైన జ్వరం పట్టుకుంటుంది. కాఫీ మెషీన్ దగ్గర, పార్కింగ్ లాట్‌లో, లంచ్ టేబుల్ మీద ఒకటే ప్రశ్న. "బులెటిన్ వచ్చిందా? ఎంత కదిలింది?" రెండు వారాలు కదిలితే పండగ. కదలకపోతే ఆ రోజు పెరుగన్నం కూడా సహించదు. ఇంతవరకూ నాకేం అభ్యంతరం లేదు. ఆ తర్వాత ఒక మేధావి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీస్తాడు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. "పోయిన ఏడాది ఇంత కదిలింది, ఈ లెక్కన నాది 2033కి వచ్చేస్తుంది."

రాదండీ బాబూ. ఆ లెక్క తప్పు. కొంచెం అటూ ఇటూ తప్పు కాదు, మొదలంటా తప్పు.

రోజూ కోడ్‌లో క్యూలు, లోడ్ బాలెన్సర్లు, రేట్ లిమిట్లు రాసే మనమే మన జీవితానికి సంబంధించిన క్యూ దగ్గరకొచ్చేసరికి ఉగాది నాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్నట్టు కూర్చుంటాం. నిజానికి పంచాంగమే నయం. అందులో ఆదాయం, వ్యయం రెండూ చెప్తారు. వీసా బులెటిన్‌లో ఉండేది ఒక్క తేదీ. ఆ తేదీ అసలు ఎలా పుడుతుందో తెలియకుండా దాని మీద ఇళ్ళు కట్టేస్తున్నారు (కొందరు అదే కారణంతో కట్టకుండా ఆగిపోతున్నారు, వాళ్ళ సంగతి తర్వాత చెప్తాను).

ముందు అంకెలు చూద్దాం. ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000. ఈ అంకె 1990లో చేసిన చట్టంలోది. అప్పటికి మనలో చాలామంది పుట్టనే లేదు. ఇందులో ఈబీ-1, ఈబీ-2, ఈబీ-3 ఒక్కోదానికి 28.6 శాతం, అంటే దాదాపు 40 వేల చొప్పున. మిగిలింది ఈబీ-4, ఈబీ-5లకి. దీనిపైన ఇంకో నిబంధన: ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ మొత్తంలో 7 శాతానికి మించకూడదు. ఈబీ-2లో 7 శాతం అంటే సుమారు 2,800. అందులో భార్య/భర్త, పిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. పిల్లల్లేని జంటలే అనుకున్నా 1,400 కుటుంబాలు. భారతదేశం మొత్తానికి. ఒక సంవత్సరానికి. హైదరాబాద్‌లో ఒక్క పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో ఒక్క బ్యాచ్‌లో అంతమంది ఉంటారు!

అన్యాయంగా అనిపించినా ఇందులో ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఏ కేటగిరీలోనైనా మిగతా దేశాల వాళ్ళు వాడుకోగా మిగిలితే, ఆ మిగిలినవి దేశంతో సంబంధం లేకుండా పాత తేదీ ఉన్నవాళ్ళకి ఇవ్వొచ్చు. ఇది 2000 అక్టోబర్‌లో వచ్చిన చట్టం పుణ్యం. ఆ 2,800 కన్నా మనకి కొన్నేళ్ళు చాలా ఎక్కువ వచ్చాయంటే ఈ మిగులే కారణం. కానీ మిగులు అన్నది పక్కింటి వాళ్ళు ఎంత తిన్నారన్న దాని మీద ఆధారపడుతుంది. 2022 డిసెంబర్ బులెటిన్‌లో ఈబీ-2కి మిగతా ప్రపంచానికి కూడా కటాఫ్ తేదీ పెట్టాల్సి వచ్చింది. అంటే పక్కింట్లో కూడా అన్నం చాల్లేదన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. బులెటిన్‌లో తేదీ ఎలా వస్తుంది?

అమెరికా విదేశాంగ శాఖలో వీసా నంబర్లు లెక్కచూసే విభాగం ఒకటుంది. కాగితాలన్నీ పూర్తయి సిద్ధంగా ఉన్న దరఖాస్తులు ఎన్నున్నాయో ఒకపక్క, ఆ నెలకి ఇవ్వగలిగిన నంబర్లు ఎన్నో ఇంకోపక్క పెట్టి చూస్తారు. అందరికీ సరిపోతే "సి", అంటే కరెంట్. అసలు నంబర్లే లేకపోతే "యూ". సరిపోకపోతే ప్రయారిటీ డేట్ వరసలో ఇచ్చుకుంటూ వెళ్ళి, ఎవరి దగ్గర నంబర్లు అయిపోయాయో ఆ మొదటి మనిషి తేదీని కటాఫ్‌గా వేస్తారు. అంతకన్నా ముందు తేదీ ఉన్నవాళ్ళకే కార్డు. మొదటి మూడు త్రైమాసికాల్లో ఏ ఒక్కదానిలోనూ ఏడాది కోటాలో 27 శాతానికి మించి వాడకూడదన్న నియమం కూడా ఉంది. అక్టోబర్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలు కాబట్టి అప్పుడు కాస్త ఊపు, సెప్టెంబర్ దగ్గరకొచ్చేసరికి నీరసం. 2025లో అయితే సెప్టెంబర్ మొదట్లోనే ఈబీ-2 కోటా అయిపోయిందని చెప్పేశారు.

ఇంకోసారి చదవండి. ఆ తేదీ ఎవరిది? నంబర్ అందని మొదటి మనిషిది. ఆ మనిషికీ మీకూ మధ్య ఎంతమంది ఉన్నారన్నది ఆ తేదీలో ఎక్కడా లేదు.

తిరుమల వెళ్ళినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొండమీద ఏం చెప్తారు? "కంపార్ట్‌మెంట్లు అన్నీ నిండాయి, సర్వదర్శనానికి 18 గంటలు." అది ఇప్పుడు లైన్లోకి వచ్చేవాడికి చెప్పే లెక్క. ముందు ఎంతమంది ఉన్నారు, గంటకి ఎంతమందిని వదులుతున్నారు, భాగించు. అదే వీసా బులెటిన్ వాళ్ళు కొండమీద బోర్డు పెడితే ఇలా ఉంటుంది: "ప్రస్తుతం గర్భగుడి ముందున్న భక్తుడు నిన్న ఉదయం 6 గంటలకి లైన్లోకి వచ్చాడు." అంతే! నిన్న ఉదయం లైన్లో ఉన్నది వందమంది. ఇవాళ వైకుంఠ ఏకాదశి అని మీ ముందు మూడు కిలోమీటర్ల జనం. ఆ బోర్డు చూసి "ఓహో, ఒక రోజులో దర్శనం" అని పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

2025 అక్టోబర్ బులెటిన్‌లో ఇండియా ఈబీ-2 తేదీ 2013 ఏప్రిల్ 1. దాన్ని చూసి "పన్నెండున్నరేళ్ళు వెయిటింగ్" అని పేపర్లలో కూడా రాస్తారు. కాదు. అది 2013లో చేరినవాడు వేచి ఉన్న కాలం. ఇవాళ చేరేవాడిది వేరే లెక్క. కేటో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2023లో ఆ లెక్క వేశారు: ఉద్యోగ కేటగిరీల్లో లైన్లో ఉన్న భారతీయులు, కుటుంబాలతో కలిపి, సుమారు 11 లక్షలు. కొత్తగా చేరేవాడికి 134 సంవత్సరాలు. మానవమాత్రుడు బతకని సంఖ్య కాబట్టి దాన్ని మామూలు తెలుగులో "రాదు" అని చదువుకోవాలి.

ఇక ఆ 7 శాతం ఎవరికి వర్తిస్తుందో చూడండి. పాస్‌పోర్ట్ ఏ దేశానిదన్నది కాదు, ఏ దేశంలో పుట్టారన్నది. నా పాత రూమ్మేట్‌ది కడప. వాళ్ళ నాన్నగారు మస్కట్‌లో ఉద్యోగం చేసేవారు. పెద్దబ్బాయి పుట్టేటప్పుడు వాళ్ళమ్మగారు మన ఆనవాయితీ ప్రకారం పురిటికి పుట్టింటికి వచ్చారు. రెండోసారి సెలవు దొరక్కనో, విమానం టికెట్లు ఖరీదనో, అక్కడే ఉండిపోయారు. అలా మా రూమ్మేట్ మస్కట్‌లో పుట్టాడు. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు, ఒకే పాస్‌పోర్ట్, ఇద్దరూ ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళే. అన్న ప్రయారిటీ డేట్ 2016, ఇంకా లైన్లోనే ఉన్నాడు. తమ్ముడిది 2020. ఒమన్ లెక్కలో ఉన్నాడు కాబట్టి 2022లో కార్డు చేతికొచ్చింది. అన్నకన్నా నాలుగేళ్ళు వెనక చేరి ముందే బయటపడ్డాడు. వాళ్ళింట్లో ఇప్పుడు జోక్ ఏంటంటే, "అమ్మా, నువ్వు అమ్మమ్మ చేతి కారప్పొడి కోసం వెళ్ళావు, నాకు వందేళ్ళు పడింది."

భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం లెక్కలో ఇద్దరూ వెళ్ళొచ్చు. మా అమ్మకి ఈ సంగతి ఫోన్‌లో చెప్తే "అయితే దుబాయిలో పుట్టిన సంబంధాలు చూడమంటావా?" అంది. సీరియస్‌గానే అంది :) పెళ్ళిచూపుల్లో జాతకానికి బదులు బర్త్ సర్టిఫికెట్ అడిగే రోజులు వచ్చేశాయి.

సరే, మరి తేదీ అప్పుడప్పుడు గబగబా పరిగెడుతుంది కదా, అదేంటి? ఇక్కడే మనోళ్ళు ఎక్కువ మోసపోయేది. తేదీ దూకిందంటే లైన్ తగ్గిందని కాదు. చాలాసార్లు ఆఫీసు వాళ్ళకి నంబర్లు వృథా అయిపోతాయన్న భయం పట్టుకుందని అర్థం.

2007 జూలై కథ తీసుకోండి (అప్పటికి నేను ఐదో తరగతి, సీనియర్లు చెప్పగా విన్నదీ తర్వాత చదివిందీ). తేదీలు పెట్టేది విదేశాంగ శాఖ, ఇక్కడ ఉన్నవాళ్ళ దరఖాస్తులు తేల్చేది యూఎస్‌సీఐఎస్. వీళ్ళు నంబర్లు నెమ్మదిగా వాడుతున్నారని, ఏడాది చివరికి మిగిలిపోతాయేమోనని, వాళ్ళు జూలై బులెటిన్‌లో దాదాపు అన్ని ఉద్యోగ కేటగిరీలనీ కరెంట్ చేసేశారు. జనం మెడికల్ టెస్టులకి పరిగెత్తారు, ఇండియా నుంచి పెళ్ళాల్ని రప్పించారు. ఈలోపు యూఎస్‌సీఐఎస్ హడావిడిగా మిగిలిన నంబర్లన్నీ వాడేసింది. జూలై 2న "ఇంక లేవు, ఎవరూ పంపొద్దు" అన్నారు. అప్పుడు మనవాళ్ళు చేసిన పని నాకు భలే నచ్చుతుంది. మున్నాభాయ్ సినిమాలోలా గాంధీగిరి అని యూఎస్‌సీఐఎస్ డైరెక్టర్‌కి పువ్వులు పంపారు. (మన 'శంకర్ దాదా జిందాబాద్' వచ్చింది కూడా ఆ నెల్లోనే.) జూలై 17న దిగొచ్చి, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకున్నారు. అయితే అలా ఫైల్ చేసినవాళ్ళలో చాలామంది ఆ తర్వాత కార్డు కోసం ఏళ్ళ తరబడి కూర్చున్నారు. గేటు తెరిచి అందరినీ కాంపౌండ్‌లోకి రానిచ్చారు గానీ, గుడిలోకి కాదు.

2012లో మళ్ళీ అదే. మార్చిలో ఈబీ-2 తేదీ 2010 మే 1 దాకా వచ్చింది. అక్టోబర్‌కి 2004 సెప్టెంబర్ 1కి వెనక్కి వెళ్ళింది. కోవిడ్ తర్వాత ఇంకోసారి. కాన్సులేట్లు మూసేయడంతో కుటుంబ కేటగిరీలో వాడని నంబర్లు తర్వాతి ఏడాది ఉద్యోగ కేటగిరీకి వచ్చిపడ్డాయి. 2021 ఆర్థిక సంవత్సరానికి 2,62,288. 2022కి 2,81,507. మామూలు కోటాకి రెట్టింపు! 2021లో అందులో సుమారు 66 వేలు వాడలేక వృథా చేశారు కూడా. 2022 సెప్టెంబర్‌లో ఈబీ-2 తేదీ 2014 డిసెంబర్ 1. క్యాలిక్యులేటర్ మేధావులు అప్పుడు ఆకాశంలో ఉన్నారు. అక్టోబర్‌లో అది 2012 ఏప్రిల్ 1కి పడింది, డిసెంబర్‌లో 2011 అక్టోబర్ 8కి. మూడు నెలల్లో మూడేళ్ళు వెనక్కి.

పైగా తేదీల మధ్య జనం సమంగా పరుచుకుని ఉండరు. ఒక నెలలో కొద్దిమంది, ఇంకో నెలలో వేలు. ఈబీ-3లో ఉన్నవాడు పాత తేదీని మోసుకుంటూ ఈబీ-2లోకి వస్తాడు, తేదీ చూసుకుని మళ్ళీ అటు వెళ్తాడు. భార్యాభర్తలకి చెరో దరఖాస్తు ఉంటుంది. విసుగొచ్చి వెళ్ళిపోయినవాళ్ళూ ఉంటారు. ఇన్ని కదులుతున్నప్పుడు పోయిన ఏడాది కదలికని పట్టుకుని గీత గీసి ముందుకు పొడిగించడం ఏ ఇంజనీరూ చేయాల్సిన పని కాదు. ప్రొడక్షన్‌లో ఇలాంటి అంచనా ఇస్తే మన మేనేజర్ ఊరుకుంటాడా?

ఇది ఊరికే లెక్కల గొడవ అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మా టీమ్‌లో ఒక అన్న ఉన్నాడు, వరంగల్ ఆయన. ప్రయారిటీ డేట్ 2015 మార్చి. 2020 అక్టోబర్‌లో ఈబీ-3 ఫైలింగ్ తేదీ ఒక్కసారిగా 2015 జనవరి 1 వరకు వచ్చింది. అంతకుముందు తేదీ ఉన్నవాళ్ళు ఈబీ-3కి మారి ఐ-485 వేసేసుకున్నారు, ఈఏడీలు తెచ్చుకున్నారు. అన్న రెండు నెలల తేడాతో ఆగిపోయాడు. "ఇంకెంత, వచ్చే ఏడాది" అనుకున్నాడు. ఆ "వచ్చే ఏడాది" ఆయన ఇంట్లో ఒక మనిషిలా ఉంటుంది. వచ్చే ఏడాది అని ఇల్లు కొనలేదు. వచ్చే ఏడాది అని వేరే కంపెనీలో వచ్చిన మంచి ఆఫర్ వదిలేశాడు. వచ్చే ఏడాది అని వాళ్ళ నాన్నగారి దగ్గరికి వెళ్ళి ఆర్నెల్లు ఉండాలన్నది వాయిదా వేశాడు, ఇప్పుడు ఆ అవసరం లేదు. మూడేళ్ళప్పుడు వచ్చిన కూతురికి ఈమధ్యనే 21 నిండాయి. లెక్కప్రకారం తను ఇప్పుడు వాళ్ళ దరఖాస్తులో లేదు. ఇక్కడే బళ్ళో చదివి, ఇక్కడి యాసలో మాట్లాడే పిల్ల స్టూడెంట్ వీసా తీసుకుని, "చదువయ్యాక మీ దేశం వెళ్తానని" కాగితం మీద రాయాల్సి వచ్చింది.

ఆ రోజు అన్న నాతో ఒక మాట అన్నాడు. "తమ్ముడూ, 134 ఏళ్ళని ఎవడన్నా నాకు 2015లోనే మొహం మీద చెప్పి ఉంటే ఏదో ఒకటి తేల్చుకునేవాణ్ణి. ప్రతి నెలా రెండు వారాలు, రెండు వారాలు అని ఆశ పెట్టారు చూడు, అదే చంపింది."

ఇక చట్టం మారుతుందన్న ఆశ సంగతి. దేశాల పరిమితి ఎత్తేసే బిల్లు 2011లో ప్రతినిధుల సభలో 389-15తో, 2019లో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబర్‌లో సెనేట్ కూడా మార్పులతో ఒక రూపం ఆమోదించింది. రెండు సభలూ ఒకే రూపానికి రాకుండానే గడువు అయిపోయింది. నా ఉద్దేశంలో ఆ పరిమితి తప్పే. కంపెనీ మనిషిని తీసుకునేది పని చూసి, లైన్లో నిలబెట్టేది పుట్టిన ఆస్పత్రి చూసి! 140 కోట్ల దేశానికీ, ఐస్‌లాండ్‌కీ ఒకే గిన్నె.

కానీ మనవాళ్ళు ఒప్పుకోని ఇంకో నిజం కూడా ఉంది. మొత్తం 1,40,000 అలాగే ఉంచి దేశాల పరిమితి ఒక్కటే తీసేస్తే, కొన్నేళ్ళపాటు కార్డులన్నీ దాదాపు మనకే వస్తాయి. ఇవాళ ఏడాది, రెండేళ్ళు ఆగుతున్న ఇరాన్ అమ్మాయీ, నైజీరియా అబ్బాయీ, ఫిలిప్పీన్స్ నర్సూ మన వెనక చేరతారు. వాళ్ళు ఎందుకు ఒప్పుకోవడం లేదో నాకు అర్థమవుతుంది. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకోను. అసలు రోగం 1990 నాటి ఆ మొత్తం అంకె, అందులో సగానికి పైగా కుటుంబ సభ్యులకి పోవడం. పిల్లల్నీ భార్యాభర్తల్నీ కోటాలో లెక్కపెట్టకపోతే ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోకుండానే లైన్ రెట్టింపు వేగంతో కదులుతుంది. మనం గట్టిగా అడగాల్సింది అది.

అడుగుదాం. కానీ అది వస్తుందని జీవితం ఆపుకోవద్దు.

నా ప్రయారిటీ డేట్ 2023. మొన్న అమ్మ మళ్ళీ అడిగింది, "నాన్నా, నీ కార్డు ఎప్పుడొస్తుందిరా, ఎదురింటి వాళ్ళు అడుగుతున్నారు" అని. ఎప్పుడూ "చూడాలమ్మా" అనేవాణ్ణి. ఈసారి "రాదమ్మా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరెందుకు అక్కడ?" అంది. మంచి ప్రశ్న. ఆమెకి నేను చెప్పింది ఇదీ: ఐ-140 ఆమోదం అయింది, దాని విలువ దానికుంది. ఆరేళ్ళు దాటినా హెచ్-1బి మూడేసి ఏళ్ళు పొడిగించుకోవచ్చు, రేపు పెళ్ళయితే భార్య పని చేసుకోవచ్చు. కాబట్టి దరఖాస్తు వేయడం దండగేం కాదు. కానీ నేను ఇక్కడ ఉన్నది కార్డు కోసం కాదు, ఈ పని నచ్చి. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో సర్దుకోవాల్సిన బతుకే ఇది, అలాగే బతకగలిగినన్నాళ్ళు ఉంటాను. పిల్లలు పుట్టి బడికి వెళ్ళే వయసు వచ్చేసరికి, అంటే నాకు ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు వచ్చేసరికి, ఉండాలా వెళ్ళాలా అన్నది తేల్చేస్తాను. ఆ తేదీ నేను పెట్టుకున్నది. అది ఏ బులెటిన్‌లోనూ వెనక్కి జరగదు.

మీ లెక్క వేరే కావచ్చు. 2013, 2014 తేదీలు ఉన్నవాళ్ళకి ఆశ పెట్టుకోవడంలో అర్థం ఉంది, వాళ్ళు గర్భగుడి మెట్ల దగ్గర ఉన్నారు. నా మాటలన్నీ వెనక మూడు కిలోమీటర్ల దూరంలో, నాతోపాటు నిలబడ్డవాళ్ళ కోసం. ఈసారి బులెటిన్ వచ్చినప్పుడు తేదీ ఎంత కదిలిందని అడగకండి. మన ముందు ఎంతమంది, ఏడాదికి ఎంతమందిని వదులుతున్నారు, ఈ రెండే అడగండి. జవాబు మీకు నచ్చదు. కానీ తెలిసిన రోజు నుంచి, కనీసం ఆ వాయిదా వేసిన ఇండియా టికెట్ అయినా బుక్ చేసుకుంటారు.

నేను సంక్రాంతికి చేసేశాను.